మజ్జిగ వచ్చేదాకా

మొన్న నౌపడ జంక్షనులో విశాఖ బండి కోసం కూర్చుని ఉంటే పక్క బెంచీ మీద కుర్రాడు నన్ను గుర్తుపట్టాడు. సోంపేట వైపు ఏదో బళ్ళో మాస్టారట.

"మీరు పేపరాయన కదు సార్?"

ఉద్యోగం వదిలేశానని చెప్పినా వాడు నన్ను వదల్లేదు. "అయితే మరీ మంచిది. ఆదివారం సాయంత్రం మా ఇంటికి భోజనానికి రండి. మనసు సంగతులు మాటాడుకుంటాం. ఒక సైకాలజిస్టు వత్తాడు, ఇద్దరు నర్సులు వత్తారు, మాలాటోళ్ళం నలుగురం ఉంతాం. కానీ సార్, ఒక్క మాట ముందే సెప్పేత్తాను, ఏటీ అనుకోకండి. మజ్జిగ వచ్చేదాకా ఎవరికీ సలహా ఇవ్వకూడదు."

నేను కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. "ఈ పద్ధతి ఎవరు పెట్టారు?"

"ఒకరు పెట్టడమేటి సార్?" వాడు నా వంక జాలిగా చూశాడు. "మా ఉద్దానంలో మొదట్నుంచీ ఉన్నదే. మా తాతల నాటిది."

నాకు వచ్చిన నవ్వుకి ప్లాట్‌ఫారం మీద శనక్కాయలమ్మే ఆవిడ బుట్ట పక్కకి జరుపుకుంది. తాతల నాటిదట! ఆ పద్ధతి పుట్టిన సాయంత్రాలు నేను చూశాను. దాన్ని పుట్టించిన మనిషి ఉప్పు మర్చిపోయి వండిన పప్పు తిన్నాను. ఆవిడ పోయి ఎన్నాళ్ళో కాలేదు. అప్పుడే ఆవిడ మాట ఆచారమైపోయింది, ఆచారమై ఆవిడ పేరునే మర్చిపోయింది. ఈ సంగతి చెప్పడానికి ఆవిడే లేకపోయారు గానీ, ఉంటే చేతిలో గరిటె గాల్లో తిప్పి ఎగిరి గంతేసేవారు.

పేరు నేనూ రాయను. టెక్కలిలో ఆవిడ క్లినిక్కు బోర్డు మీదే పేరు ఉండేది కాదు. మానసిక వైద్యం అన్న మాట కూడా ఉండేది కాదు. "నిద్ర పట్టదా? బెంగగా ఉందా? తలనొప్పా? లోపలికి రండి" అని ఉండేది, అంతే. ఒకసారి అడిగితే, "సైకియాట్రిస్టు అని రాస్తే ఎదురుగుండా టీ బడ్డీలో కూకున్నోళ్ళు ఎవడు లోపలికెల్తన్నాడా అని సూత్తారు తమ్ముడూ. తలనొప్పి అంటే టీ బడ్డీవోడు కూడా వత్తాడు" అన్నారు. ఆ టీ బడ్డీ ఆయన నిజంగానే వచ్చాడని తర్వాత ఆయనే నాతో చెప్పాడు.

పొట్టి మనిషి. చీర కొంగు ఎప్పుడూ నడుముకి బిగించే ఉండేది, ఏదో గొడవకి వెళ్తున్నట్టు. నడవడం నేను చూడలేదు. క్లినిక్కులో ఈ గదిలోంచి ఆ గదిలోకి కూడా పరుగే. అంత తొందర మనిషీ ఎదుటివాడు మాట మొదలుపెడితే మాత్రం స్తంభంలా ఆగిపోయేవారు. వేలితో మన మోకాలి మీద ఒక్క పోటు పొడిచి "ఆఁ, తర్వాతేటి?" అనేవారు. ఎంతసేపైనా ఆ ఒక్క మాటే. రోగుల బంధువులు "కాస్త ధైర్యం సెప్పండమ్మా" అని బతిమాలితే, "ధైర్యం సెప్పడానికి ఊరంతా ఉన్నారు కదా, నన్ను ఇననివ్వండి" అని బయటికి పంపేసేవారు.

ఆ వినే మనిషికే ఒక రోజు అనుమానం వచ్చింది. వినేవాళ్ళ మాట ఎవరు వింటున్నారు? ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు లేని వీధి తక్కువ. ఆ రోగులతోనూ, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళతోనూ మాట్లాడే కౌన్సెలర్లున్నారు, నర్సులున్నారు, బళ్ళల్లో పిల్లల గోడు వినే పంతులమ్మలున్నారు. పొద్దంతా ఊరి బరువు చెవుల్లో పోసుకుని ఇంటికెళ్ళి పప్పు తాలింపు వేసుకునే మనుషులు. వాళ్ళని నెలకొకసారి ఒకచోట కూర్చోబెట్టాలని ఆవిడకి బుద్ధి పుట్టింది.

"మీటింగు పెట్టొచ్చు కదా?" అని ఎవరో అన్నారట.

"మనూళ్ళో మనిషి కుదురుగా కూకోవాలంటే పేకముక్కలైనా ఉండాలి, అన్నమైనా ఉండాలి. నాకు పేక రాదు."

చోటు ఎక్కడ? ఇంట్లో పెడితే ఎవరెవరు వచ్చారో వీధికి తెలుస్తుంది. క్లినిక్కులో పెడితే అసలే రారు. పలాసలో ఆవిడ అత్తింటివారికి జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే షెడ్డు ఉంది. పలాసలో జీడిపప్పు షెడ్డులోకి ఎవరు వెళ్ళినా ఎందుకెళ్ళావని అడిగేవాడు లేడు. పప్పు కొనడానికే. సాయంత్రం పనివాళ్ళు వెళ్ళిపోయాక నేల ఊడ్పించి, చాపలు పరిపించి, అడ్డాకు విస్తర్లు వేయించేవారు. వచ్చినవాళ్ళందరి చేతిలోనూ పోతూ పోతూ ఓ చిన్న జీడిపప్పు పొట్లం పెట్టేవారు. దారిలో ఎవరైనా అడిగితే చూపించుకోవడానికి.

అంత తెలివిగా దాచిన సంగతి ఇంకో రకంగా బయటపడింది. ఆవిడ భర్త తోటలు తప్ప వేరే లోకం తెలియని మనిషి. ఆయన అన్నగారు అలా కాదు. జలంత్రకోట వైపు కొబ్బరి, జీడి తోటలున్న పెద్ద రైతు, రాజకీయాల్లో తల పండినాయన. ఆ షెడ్డు ఆయన చేతిలోదే. మన వైపు ఒక పెద్ద కుటుంబం వాళ్ళ షెడ్డులో తలుపులు దగ్గరగా వేసుకుని పదిమంది భోంచేశారంటే దానికి అర్థం ఒక్కటే. పార్టీ మారుతున్నారు.

ఊరు అలాగే అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ వార్త ముందు నేనే పట్టాలని ఒక సాయంత్రం షెడ్డు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. కాల్చిన జీడిపిక్కల వాసన, చాపల మీద ఓ ఏడెనిమిది మంది, మధ్యలో గరిటె పట్టుకుని ఆవిడ.

"పార్టీ మారే వార్త కోసం వచ్చావేటి తమ్ముడూ? కూకో. ఫోను ఆ తట్టలో పడేయి. కౌన్సెలరయినా పేపరోడయినా ఇక్కడ ఒకటే, ఆకలేసిన మనిషి."

నా పక్కన ఒక నర్సు. ఆమె ఏదో చెబుతోంది, వాళ్ళ వార్డులో ముసలావిడ గురించి. వింటూ వింటూ నాకు ఒక మంచి సలహా తట్టింది. నోరు తెరిచాను. విస్తట్లో ధభీమని వంకాయ కూర పడింది. తల ఎత్తితే ఎదురుగా ఆవిడ, "మజ్జిగొచ్చాక" అంటూ. మళ్ళీ కాసేపటికి నోరు తెరిచాను. ఈసారి చారు. సలహా వాసన అంత దూరం నుంచి ఎలా పసిగట్టేవారో తెలీదు. పెదవి కదిలే ముందే గరిటె వచ్చేది.

"అదేటి నియమం అక్కా?" అన్నాను భోజనాలయ్యాక.

"మనోళ్ళ నోరు ఖాళీగా ఉంటే సలహా వచ్చేత్తాది. సలహా వచ్చిందంటే ఎదుటోడి మాట ఆగిపోతాది. మజ్జిగ దాకా ఆపితే, అప్పటికి ఆ సలహా సగం మందికి గుర్తుండదు. గుర్తున్నదే సెప్పదగ్గది."

నిజమే. మజ్జిగ వచ్చేసరికి నర్సుకి నేను చెప్పాలనుకున్నదేమిటో నాకు గుర్తు లేదు. ఆమె అప్పటికే తేలికపడి పక్కావిడతో చీరల గురించి మాట్లాడుతోంది.

నా వార్త పోయింది గానీ నేను మాత్రం నెలనెలా వెళ్ళడం మొదలుపెట్టాను. పప్పు బాగుంటుందని కాదు. నౌపడ ఉప్పుమళ్ళు కూతవేటు దూరంలో పెట్టుకుని ఉప్పు మర్చిపోయే మనిషి ఆవిడ ఒక్కరే. ఎవరైనా మొహమాటంగా నమిలితే, "ఉప్పు లేదని సెప్పలేనోడివి నీ మనసులో మాట ఏటి సెప్తావురా?" అని దెబ్బలాడేవారు. అందుకని అక్కడ కొత్తగా వచ్చినవాడు మొదట నేర్చుకునేది "అమ్మా, ఉప్పు లేదు" అనడం. ఆ మాట పైకి అనేసరికి ఆవిడ మొహం వెలిగిపోయేది. "ఆఁ! అలగ! ఇంకా ఏటి లేదు?"

తాయెత్తులు కట్టే ఆయన్ని బంతిలో కూర్చోబెట్టిన రోజు పెద్ద రగడ. అందరూ ఆయన్ని మావ అంటారు. మందసా కొండల వైపు నుంచి దిగి వచ్చే మనుషులకి దెయ్యం విడిపిస్తాడని పేరు. చదువుకున్న సైకాలజిస్టు ఒకతను చెయ్యి కడుక్కోకుండా నిలబడిపోయాడు. "ఈయనెందుకమ్మా ఇక్కడ?"

"నా దగ్గరకొచ్చే ప్రతోడూ ముందు ఈయన దగ్గరకెల్లొచ్చినోడే. మనకి సీనియరు" అన్నారు ఆవిడ నవ్వకుండా.

మావ విస్తట్లో నీళ్ళు చిలకరించుకుంటూ, "నా దగ్గరకొచ్చినోళ్ళలో కొందరికి దెయ్యం లేదు బాబూ, నిద్దరే లేదు. నానేటి ఇడిపించీది? తాయెత్తు కట్టేసి పంపేత్తాను" అన్నాడు.

"ఇకమీద తాయెత్తు కట్టి టెక్కలి పంపు" అన్నారు ఆవిడ. మావ పంపేవాడు. తాయెత్తు డబ్బులు మాత్రం వదిలేవాడు కాదు.

ఇక ఆ రోజు సంగతి చెప్పాలి. అక్కడి మాట బయట చెప్పకూడదన్నది ఆవిడ మొదటి షరతు. ఆ షరతుకి కట్టుబడి ఇన్నాళ్ళూ రాయలేదు. మొన్న నౌపడ నుంచి రాగానే ఆవిడ బావగారు, ఆ పెద్దాయన్నే అడిగాను, రాయనా అని. "నేను కనపడినోడికల్లా సెప్తంటే నువ్వు దాసిపెట్టీదేటి?" అన్నారు.

ఆ సాయంత్రం గాలిగా ఉంది. షెడ్డు రేకులు ఉండుండి లేస్తున్నాయి. విస్తర్లు వేశారు, మధ్య మధ్య గ్లాసులు బరువు పెట్టారు. వడ్డన మొదలయింది. అప్పుడు బయట కారు ఆగింది. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతిలో ఫోను. ఆవిడ బావగారు.

ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. "ఇదే ఆఖరు భోజనం అమ్మా. రేపట్నుంచి ఈ షెడ్డులో ఇవి లేవు."

ఆవిడ గరిటె గిన్నెలో ఆగింది. "ఏటైంది బావగారూ?"

"ఏటవ్వాలి? మా పార్టీ జిల్లా ఆయన ఫోను మీద ఫోను. మీ షెడ్డులో ఎవరు తింతన్నారు, ఎవరితో మాటాడుతున్నారు, ఎవరి పార్టీలోకెల్తన్నారు అని. డాక్టర్లు మనసు గురించి మాటాడుకుంతన్నారయ్యా అంటే నవ్వుతన్నాడు. ఇయ్యాల మళ్ళీ సేత్తాడు. మూసేసేను అని సెప్పాలి. నాకు ఈసారి ఎన్నికల్లో సీటు కావాలి. ఈ గుంపు వొద్దు."

ఆ గుంపులో ఒక అమ్మాయి, హరిశ్చంద్రపురం నుంచి రైలెక్కి వచ్చి పలాసలో డయాలసిస్ రోగులకి కౌన్సెలింగు చేసే పిల్ల, చాప అంచు పీకుతూ కూర్చుంది. ఆ నెలంతా ఈ సాయంత్రం కోసమే ఎదురుచూశానని వస్తూనే నాతో అంది.

ఆవిడ బావగారికి ఎదురు చెప్పలేదు. అత్తింట్లో అలవాటు లేదు. "సరే బావగారూ" అన్నారు. "అయితే ఆకులేసేసేం. మీరు పెద్దోళ్ళు. మీరు నిలబడుంటే వీళ్ళెవరూ ముద్ద ముట్టుకోరు."

అది నిజం. అందరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. పెద్దాయన బంతి వంక చూశారు. ఎన్నికలొస్తే ఊళ్ళకి ఊళ్ళు కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి. ఆకు ముందు కూర్చున్నవాణ్ణి ఆకలితో ఉంచారన్న మాట ఆ ఇంటికి ఎప్పుడూ లేదు. విసుక్కుంటూ చెప్పులు విడిచారు. "రెండు ముద్దలు తిని ఎల్లిపోతాను."

"అలాగే. ఫోను తట్టలో."

ఆయన కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నారు. తిన్నాక ఆయనకే అర్థమయింది. బంతిలో పెద్దవాడు లేస్తే అందరూ లేవాలి. అందరూ సగం ఆకలితో లేస్తారు. మజ్జిగ పోసుకుంటే గాని భోజనం ముగిసినట్టు కాదు. మజ్జిగ క్యాను మూల కనిపిస్తూనే ఉంది.

"మజ్జిగ తెండర్రా" అన్నారు.

"ఇంకా సిలకలేదు బావగారూ" అన్నారు ఆవిడ, అందరూ చూస్తుండగానే నిండుగా ఉన్న క్యాను మీద మూత సరిచేస్తూ. మావ దగ్గు తెచ్చుకున్నాడు. నేను విస్తరిలోకి తల వంచాను.

అప్పుడు ఆ పిల్ల మొదలుపెట్టింది. పెద్దాయన ఉన్నారని కూడా చూడలేదు. ఇదే ఆఖరు భోజనం అన్నారు కదా, ఇంక ఎప్పుడు చెబుతుంది?

"మా సెంటరుకి ఒకాయన వచ్చేవాడమ్మా. రావడం మానేసేడు. ఇంటికెల్లేను. అందరికీ సెప్పినట్టే ఆయనకీ సెప్పేను, ధైర్యంగా ఉండాలి బాబాయ్ అని. ఆయన నన్ను సూసి నవ్వేడు. కోపంగా కాదు, పాపం ఈ పిల్లకి జీతమిచ్చి ఇదే సెప్పమన్నారు అన్నట్టు. ఆ రోజు నుంచి ఎవరితో మాటాడినా నా గొంతు నాకే పరాయి గొంతులాగ ఇనిపిత్తంది. సెంటరుకెల్లి కూకుంటాను. నోరు పెగలదు."

"ఆఁ, తర్వాతేటి?" అన్నారు ఆవిడ.

"అమ్మా, నువ్వు సిన్నపిల్లవి," పెద్దాయన అందుకున్నారు, "జీవితంలో ఇలాటివి..."

పప్పు పడింది.

ఆయన ఉలిక్కిపడి మరదలి వంక చూశారు. ఆవిడ అప్పటికే పక్క విస్తరికి వెళ్ళిపోయారు. పిల్ల ఇంకో రెండు మాటలు చెప్పింది. పెద్దాయన మళ్ళీ గొంతు సవరించుకున్నారు. "నేను సెప్పేదేటంటే..."

పనసపొట్టు కూర పడింది.

"ఏటమ్మా ఇది! భోజనమా, జైలా?"

బంతి అంతా ఘొల్లుమంది. ఆ పిల్ల కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మావ అన్నాడు, "మాకూ ఇలాగే అయ్యింది అయ్యగారూ. సలహా మజ్జిగొచ్చాకే."

"మజ్జిగ సిలకరు, మాట సెప్పనివ్వరు. అయితే నోరు మూసుకు తినాలా?"

"మీది సెప్పండి బావగారూ" అన్నారు ఆవిడ. వేళాకోళంగానే అన్నారనుకుంటాను. "మీ సంగతి సెప్తే అది సలహా కాదు కదా."

"నాకేటుంది సెప్పడానికి!"

రేకులు లేచాయి. పెద్ద చప్పుడు. మేమెవరం పట్టించుకోలేదు. పెద్దాయన మాత్రం ముద్ద పట్టుకున్న చేత్తో విస్తరి అంచు అదిమి పట్టారు. తల ఎత్తి రేకుల వంక చూశారు. వచ్చినప్పటి నుంచి అలా చూస్తూనే ఉన్నారని నాకు అప్పుడు తోచింది. గాలి తగ్గింది. ఆయన చెయ్యి తీయలేదు.

"గాలి," అన్నారు.

ఆవిడ ఆయన ముందు నిలబడి ఉన్నారు. ఏమీ వడ్డించలేదు.

"తుఫానులో మా కొబ్బరి తోట పడిపోయింది కదా," ఆయన ఆ పిల్లతో చెబుతున్నారు, మరదలితో కాదు. "సెట్టు మీద సెట్టు. ఆ రేత్రంతా లోపల కూకుని ఇన్నాను. ఒక్కోటీ పడతా ఉంటే ఏ వరసలోదో సెప్పగలను నేను. నేను పాతినవే. పొద్దున్న మీడియా వోళ్ళొచ్చేరు, ధైర్యంగా ఉండాలి అని రైతులకి సెప్పేను. ఈయన కూడా రాసేడు" అని నా వంక చెయ్యి చూపించారు. నేను రాశాను.

"అది మొదలు గాలేస్తే ఉండలేను. సెవులు మూసుకున్నా ఇనిపిత్తాది. అందుకని ఎల్లి బోరు మోటారు ఏసేత్తాను. మోటారు రొదలో గాలి ఇనిపించదు. దాని పక్కనే కూకుంటాను. ఊళ్ళో వోళ్ళు ఏటనుకుంతన్నారు? పెద్దాయన ఈ వయసులో కూడా ఏళ కాని ఏళ తోటకి నీళ్ళెడతన్నాడు, ఎంత కష్టపడతన్నాడు అనుకుంతన్నారు." ఆయన నవ్వబోయారు. "అక్కడ తోటేదమ్మా నీళ్ళెట్టడానికి? మోడులున్నాయి."

ఎన్నో ఏళ్ళు పేపర్లో పనిచేశాను. మనుషులు నిజం చెప్పే క్షణం మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసనే అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం నేను చూసింది ఆయన మొహం కాదు, ఆవిడది. ఊరందరి చేతా చెప్పించిన మనిషి. ఒకే ఇంట్లో పండగలకీ పబ్బాలకీ ఆయనకి వడ్డించిన మనిషి. ఆ మోటారు చప్పుడు ఆవిడా వినే ఉంటారు. బావగారికి తోట మీద ఎంత శ్రద్ధో అని ఆవిడా అనుకునే ఉంటారు. "ఆఁ, తర్వాతేటి" నోటికి రాలేదు. గరిటె నుంచి పప్పు బొట్లు బొట్లుగా ఆవిడ పాదం మీద పడుతోంది. చూసుకోలేదు.

మావ ముందుకి వంగాడు. "గాలి భయానికి నా దగ్గర అయ్యగారూ, ఒక..."

ఆవిడ కదల్లేదు. చారు గిన్నెలో ఉన్న గరిటె తీసి ఆ కౌన్సెలరు పిల్ల మావ విస్తట్లో పోసింది. మావ మాట మింగేశాడు.

తర్వాత పెద్దాయన, "మా ఇంట్లో వోళ్ళకి కూడా తెల్దు," అన్నారు.

"నాకు తెల్దు బావగారూ," అన్నారు ఆవిడ. అంతే అన్నారు. ఆ గొంతు ఆవిడది కానట్టే ఉంది. వెళ్ళి మజ్జిగ క్యాను మూత తీసి, మొదట ఆయనకే పోశారు.

మజ్జిగ వచ్చేసింది. ఇంక ఎవరేం చెప్పాలన్నా చెప్పొచ్చు. ఎవరి దగ్గరా ఏమీ లేదు. మజ్జిగన్నం జుర్రుకునే చప్పుడు, రేకుల చప్పుడు. ఆ కౌన్సెలరు పిల్ల మాత్రం, "గాలేసినప్పుడు నాకు ఫోను సెయ్యండి తాతగారూ. నేనేటీ సెప్పను. మోటారు లాగ మాటాడుతుంటాను" అంది. పెద్దాయన అది విని, నవ్వి, పొలమారి, మళ్ళీ నవ్వారు.

అప్పుడు తట్టలో ఫోను మోగింది. ఆయన ఫోనే. ఎవరో అందరికీ తెలుసు. జిల్లా ఆయన.

మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది. పెద్దాయన మజ్జిగ ముగించి, విస్తరి మడిచి లేచారు. మేమూ లేచాం. చెయ్యి కడుక్కుని, పంచెకి తుడుచుకుని, తట్టలోంచి ఫోను తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఖాళీ గిన్నె చంకలో ఇరికించుకుని నిలబడిపోయారు. కొంగు ముడి విప్పుతున్నారు, మళ్ళీ బిగిస్తున్నారు.

"ఆఁ సెప్పండి... అవునండీ, ఇక్కడే ఉన్నాను, షెడ్డులోనే. భోంచేసేను... లేదు, మూయలేదు... మూయనండీ. మా మరదలిది కాదు, నేనే పెట్టేను అనుకోండి, పోనీ... ఎవరెవరా? డాక్టరమ్మ, నర్సులు, పేపరాయన, తాయెత్తులాయన. మీరు రాసుకున్నా పరవాలేదు... పార్టీ మాట ఎవరూ ఎత్తలేదండీ. ఏటి మాటాడుకున్నామంటే..."

ఆయన ఒక్క క్షణం ఆగారు. బయట గాలి ఉంది. ఆయన బయటికే అడుగు వేశారు.

"నాకు గాలంటే భయమండీ. అదే మాటాడుకున్నాం."

అవతల ఏమన్నారో మాకు వినపడదు. నవ్వుతారేమో అనుకున్నాం. సీటు పోయినట్టే అనుకున్నాం. పెద్దాయన ఏదో ఎదురు చెప్పబోయి ఆగారు. "ఆఁ" అన్నారు. ఇంకాసేపటికి "ఓహో" అన్నారు. ఫోను చెవికి మరింత దగ్గరగా నొక్కి పెట్టుకున్నారు.

చివరికి ఆయన ఫోను అరచేత్తో మూసి, మరదలి వైపు తిరిగి, గుసగుసగా అడిగారు.

"అమ్మాయ్, ఈయన కూడా ఏదో సెప్తన్నాడు. వాళ్ళబ్బాయి గురించి. గొంతు ఒణుకుతంది. ఇప్పుడు నేనేటి సెయ్యాలి?"

"ఇనండి బావగారూ."

"ఇనాలా? అంతేనా?"

"అంతే. కాళ్ళు నొప్పెడతాయి, కుర్సీ తెత్తానుండండి."

గిన్నె నా చేతుల్లోకి విసిరేసినట్టు పడేసి, మూలనున్న ఇనప కుర్చీ తనే ఎత్తుకుని, ఎవర్నీ సాయం పట్టనివ్వకుండా, ఆవిడ గుమ్మం వైపు పరిగెత్తారు.